గుండు తేలితేనే గొట్టం: ప్రెసిషన్ రైఫిల్‌కు కస్టమ్ బ్యారెల్ ఎంచుకునే పద్ధతి

కస్టమ్ బ్యారెల్, అంటే తమ కొలతలకు తగ్గ తుపాకీ గొట్టం, చేయించుకోదలచిన వారిలో చాలామంది ముందుగా ఏ తయారీదారు మంచివాడని అడుగుతారు. ఆ ప్రశ్నకు తొందర లేదు. ఏ గుండును, ఎంత దూరానికి, ఏడాదికి ఎన్ని రౌండ్లు పేల్చబోతున్నారో తేలితే బ్యారెల్ కొలతలు చాలావరకు వాటంతట అవే తేలతాయి. పోటీలకు వెళ్లే ఆలోచన ఉంటే నియమావళిని కూడా ఈ దశలోనే చదవాలి. ఉదాహరణకు పడుకుని దూరపు గురిని కొట్టే ఎఫ్-క్లాస్ పోటీల్లోని ఎఫ్-టీఆర్ విభాగంలో .308 వించెస్టర్, .223 రెమింగ్టన్ తూటాలకే (గుండు, మందుగుండు, తొడుగు కలిసినదే తూటా) చోటుంది. బైపాడ్‌తో (ముందుండే రెండు కాళ్ల ఊతతో) కలిపి రైఫిల్ బరువు 8.25 కిలోలు దాటకూడదు. చాలా దేశాల్లో బ్యారెల్ కూడా లైసెన్సు పరిధిలోకి వచ్చే భాగమే కనుక ఆ అనుమతి సంగతి ఆర్డరుకు ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించవలసింది ట్విస్ట్ గురించి. గొట్టం లోపలి గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవే ట్విస్ట్; 1:8 అంటే 8 అంగుళాలకు ఒక చుట్టు. గుండు బరువును బట్టి ట్విస్ట్ చెప్పడం వాడుకలో ఉన్నా, అసలు లెక్క గుండు పొడవుది. 1879 నాటి గ్రీన్‌హిల్ సూత్రం ఇందుకు సులువైన ఆధారం. 6.5 మిల్లీమీటర్ల గుండు వ్యాసం 0.264 అంగుళం. దాని పొడవు 1.36 అంగుళాలనుకుంటే అది వ్యాసానికి సుమారు 5.15 రెట్లు. సూత్రంలోని స్థిరాంకం 150ని 5.15తో భాగించి, వచ్చిన 29.1ని 0.264తో గుణిస్తే 7.7 అంగుళాలు వస్తుంది. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 150కి బదులు 180 వాడతారు; అప్పుడు 9.2 వస్తుంది. ఈ గుండునే పేల్చే 6.5 క్రీడ్‌మూర్ తూటా బ్యారెళ్లు ఎక్కువగా 1:8తో ఎందుకు వస్తాయో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. అయితే ఇది పాతకాలపు గుండ్ల కోసం పుట్టిన సూత్రం. నేటి సన్నని, పొడవాటి గుండ్లకు గాలిలో గుండు ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే స్థిరత్వ గుణకాన్ని మిల్లర్ సూత్రంతో కట్టి, అది 1.5కు తగ్గకుండా చూసుకోవడం మేలు. పూర్తిగా రాగితో చేసిన గుండు అదే బరువున్న సీసపు గుండు కంటే పొడవుగా ఉంటుంది కనుక దానికి మరింత బిగువైన, అంటే తక్కువ అంగుళాలకే చుట్టు తిరిగే, ట్విస్ట్ కావాలి. ఎటూ తేల్చుకోలేనప్పుడు నేను బిగువు వైపే మొగ్గుతాను. బిగువు కాస్త ఎక్కువైతే పోయేది స్వల్పం. చాలకపోతే మాత్రం గుండు గాలిలో పల్టీలు కొట్టి, టార్గెట్ కాగితం మీద గుండ్రని చిల్లుకు బదులు పక్కవాటున పడిన పొడవాటి చిరుగు కనిపిస్తుంది.

లోహం విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. పోటీ రైఫిళ్లకు ఎక్కువగా 416ఆర్ స్టెయిన్‌లెస్ ఉక్కును, కొందరు క్రోమ్-మాలీ ఉక్కును వాడతారు. రెండూ గురి నిలిపేవే. గాడులను కొద్దికొద్దిగా చెక్కే కట్ పద్ధతిలో ఉక్కు మీద ఒత్తిడి తక్కువగా పడుతుంది. బటన్ పద్ధతిలో గాడులను నొక్కి తీస్తారు కనుక ఆ ఒత్తిడి పోయేలా తర్వాత వేడిచికిత్స చేయాలి. అది సరిగ్గా జరిగితే రెంటికీ తేడా పట్టుకోవడం కష్టం. గాడులు నాలుగా, ఐదా, ఆరా అన్న వాదన మీద వెచ్చించే సమయాన్ని లోపలి కొలత మూతి దాకా ఒకేలా ఉందో లేదో, చేత్తో ల్యాపింగ్ (లోపలి తలాన్ని రుద్ది నునుపు చేయడం) చేశారో లేదో విచారించడానికి వెచ్చించడం మంచిది.

పొడవునూ మందాన్నీ కలిపే చూడాలి. మందం మార్చకుండా బ్యారెల్‌ను 22 అంగుళాల నుంచి 26కు పెంచితే దాని బిరుసుతనం దాదాపు 40 శాతం తగ్గుతుంది. పెరిగిన ఒక్కో అంగుళానికి వచ్చే వేగం సాధారణంగా సెకనుకు 20 నుంచి 30 అడుగులే. మందం పెంచితే ఫలితం అంతకంటే బలంగా ఉంటుంది: వ్యాసం 20 శాతం పెరిగితే బిరుసుతనం రెట్టింపవుతుంది, వరుసగా పేల్చినప్పుడు వేడెక్కడమూ నెమ్మదిస్తుంది. ఇక ఫ్లూటింగ్ గురించి ఒక అపోహ ఉంది. పైన గాళ్లు తీయడం వల్ల బ్యారెల్ బిరుసెక్కదు. అదే బరువున్న సన్నని బ్యారెల్‌తో పోలిస్తేనే అది బిరుసైనది. గాళ్లు తీయక ముందున్న తనతో పోలిస్తే కాదు.

ఆయుర్దాయం కూడా ఖర్చులోకే వస్తుంది. .308 బ్యారెల్ సాధారణంగా 5,000 రౌండ్ల దాకా పోటీకి పనికొస్తే, 6.5 క్రీడ్‌మూర్ 2,000 నుంచి 3,000 మధ్యలోనే ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందరి భాగం కాలి అరిగిపోవచ్చు. ఎక్కువగా సాధన చేసేవారు ఒకే కొలతలతో రెండు బ్యారెళ్లు ఆర్డరు చేయడం దుబారా ఏమీ కాదు.

గన్‌స్మిత్‌కు పని అప్పగించేటప్పుడు మందుగుండు, ప్రైమర్ లేని నమూనా తూటా ఒకటి ఇవ్వాలి. గుండు ఎంత లోతున కూర్చుంటుందో, తూటా మ్యాగజైన్‌లో పడుతుందో లేదో దాన్ని చూసి ఆయన ఛాంబర్ ముందరి ఖాళీని నిర్ణయిస్తారు. మూతికి మర కావాలంటే దాని కొలత కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి. బ్యారెల్ బిగించాక హెడ్‌స్పేస్‌ను, అంటే ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకూ దాని వెనుక మూసే బోల్ట్‌కూ మధ్య దూరాన్ని, మీ ఎదుటే చూపించమనండి: గో గేజ్ అనే కొలత ముక్క పెట్టినప్పుడు బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ పెట్టినప్పుడు మూసుకోకూడదు. ఈ రెండూ కళ్లారా చూడనిదే ఆ రైఫిల్‌లో మొదటి తూటా పెట్టకండి.