మందు ఇచ్చేటప్పుడు నర్సులు అస్సలు చేయకూడని తప్పులు

డాక్టర్ తప్పు రాస్తే ఫార్మసీలో పట్టుకుంటారు, ఫార్మసీ వాళ్ళు వేరే మందు పంపిస్తే నర్స్ పట్టుకుంటుంది, కానీ నర్స్ చేతిలో తప్పు జరిగితే ఆ తర్వాత పట్టుకోవడానికి ఇంకెవరూ ఉండరు, మందు నేరుగా పేషెంట్ ఒంట్లోకి వెళ్ళిపోతుంది. 2017లో డబ్ల్యూహెచ్‌ఓ ఐదేళ్ళలో మందుల వల్ల జరిగే తీవ్రమైన, ఆపగలిగే హానిని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుందంటేనే ఈ సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోవచ్చు. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే, చాలా తప్పులు మందు గురించి తెలియక జరగవు, "రోజూ ఇచ్చేదే కదా, తెలుసులే" అని లేబుల్ చదవకుండా ఇచ్చేయడం వల్ల జరుగుతాయి.

మొదటిది పేషెంట్‌ని సరిగ్గా గుర్తుపట్టడం. బెడ్ నంబర్ చూసి మందు ఇవ్వొద్దు, బెడ్లు మారుతూనే ఉంటాయి, మీరు టీ బ్రేక్‌కి వెళ్ళొచ్చేలోపు కూడా మారొచ్చు. పేరు, దాంతో పాటు పుట్టిన తేదీ గానీ హాస్పిటల్ రిజిస్ట్రేషన్ నంబర్ గానీ, ఇలా కనీసం రెండు చూసి చేతికున్న బ్యాండ్‌తో, డ్రగ్ చార్ట్‌తో కలపాలి. అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "మీ పేరు ఫలానానే కదండీ?" అని అడిగితే చెవులు సరిగ్గా వినపడని పెద్దాయన, నిద్రమత్తులో ఉన్నావిడ అందరూ "ఆ" అనేస్తారు. "మీ పేరు చెప్పండమ్మా" అని అడిగి వాళ్ళ నోటితో చెప్పించాలి. అదే సమయంలో ఏ మందుకైనా ఎలర్జీ ఉందా అని కూడా అడిగేయండి, కేస్ షీట్ మీద రాసి ఉన్నా సరే.

రైట్ పేషెంట్, రైట్ డ్రగ్, రైట్ డోస్, రైట్ రూట్ (నోటి ద్వారానా, నరంలోకా, కండకా), రైట్ టైమ్ అని కాలేజీలో అందరం చదివినవే. కానీ అవి ఎప్పుడు చూడాలో చాలామంది మర్చిపోతారు. లేబుల్ మూడుసార్లు చదవాలి: ట్రాలీలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లోడ్ చేసేటప్పుడు ఒకసారి, పేషెంట్ పక్కన ఇచ్చే ముందు ఇంకోసారి. డోపమైన్, డోబుటమైన్ లాంటివి పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి, కొన్నిటికి యాంపుల్స్ కూడా ఒకే సైజు ఒకే రంగు, కాబట్టి డబ్బా రంగు చూసో ర్యాక్‌లో ఎక్కడుందో చూసో తీసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. లోడ్ చేశాక అక్కడికక్కడే సిరంజికి మందు పేరు, డోస్, టైమ్ రాసి అంటించాలి. ట్రేలో పేరు లేని సిరంజి కనపడితే అందులో ఏముందో మీకు గుర్తున్నట్టే అనిపించినా పారేయాల్సిందే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన మందులు. కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) యాంపుల్ చూడటానికి నీళ్ళలా ఉంటుంది, అదే ప్రమాదం, డిస్టిల్డ్ వాటర్ అనుకుని దాంతో వేరే మందు కలిపేసే ఛాన్స్ ఉంది. దాన్ని డైల్యూట్ చేయకుండా నేరుగా ఐవీ పుష్ (సిరంజితో నరంలోకి ఒక్కసారిగా) చేస్తే గుండె ఆగిపోతుంది, ఎప్పుడూ ఏ పరిస్థితిలోనూ పుష్ చేయొద్దు. వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోకి పైనుంచి గుచ్చి వదిలేసినా తప్పే, ఎందుకంటే మందు కింద చేరి మొదటి కొద్ది నిమిషాల్లోనే గాఢంగా లోపలికి పోతుంది, బాటిల్ దింపి కేసీఎల్ వేసి, చాలాసార్లు తలకిందులు చేసి కలిపి, లేబుల్ పెట్టి అప్పుడు ఎక్కించాలి. మామూలు వార్డులో పెద్దవాళ్ళకి చేతి క్యానులా నుంచి గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్స్ దాటనివ్వరు, అంతకన్నా స్పీడ్ కావాలంటే కార్డియాక్ మానిటర్ ఉండాల్సిందే. నన్నడిగితే గాఢమైన కేసీఎల్ యాంపుల్స్‌ని వార్డు ట్రాలీలో పెట్టనే పెట్టకూడదు.

ఇన్సులిన్ ఇంకోటి. వయల్ మిల్లీకి 40 యూనిట్లదా 100 యూనిట్లదా చూసి దానికి తగ్గ సిరంజే వాడాలి. లెక్క చూడండి, 100 యూనిట్ల ఇన్సులిన్‌ని 40 సిరంజితో 20 గీత దాకా లాగితే అది అర మిల్లీ, అంటే లోపలికి వెళ్ళేది 20 కాదు 50 యూనిట్లు. అదే ఉల్టాగా 40 ఇన్సులిన్‌ని 100 సిరంజితో 20 దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు దిగట్లేదని అందరూ తల పట్టుకుంటారు. ఇన్సులిన్ సిరంజి దొరకలేదని మామూలు 2 మిల్లీ సిరంజితో లాగడం అయితే అసలు వద్దు. ఇచ్చే ముందు జీఆర్‌బీఎస్ (వేలి చుక్కతో చూసే షుగర్) చూడాలి, పేషెంట్ తింటున్నాడా లేదా ఎన్‌పీఓలో (నోటితో ఏమీ ఇవ్వకూడదని) ఉన్నాడా అడగాలి. ఇన్సులిన్, హెపారిన్, మార్ఫిన్ లాంటివి ఇచ్చే ముందు ఇంకో స్టాఫ్‌తో చెక్ చేయించండి, అదీ "20 లాగాను, చూడు" అని కాదు, ఆవిడ ఆర్డర్ చూసి తనంతట తాను లెక్కేసుకుని సిరంజి చూడాలి, అప్పుడే అది రెండో చెక్ అవుతుంది.

రాతలో వచ్చే తప్పులు చిన్నగా కనపడతాయి. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10 అయిపోతుంది, .5 అని రాస్తే 5 అయిపోతుంది, కాబట్టి 1 అని, 0.5 అని రాయాలి. యూనిట్స్‌కి U అని ఒక్క అక్షరం పెడితే అది సున్నాలా కనపడి 10 యూనిట్లు 100 అవుతాయి, పూర్తిగా రాయండి. ఫోన్‌లో ఆర్డర్ తీసుకోవాల్సి వస్తే వెంటనే రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, ఫిఫ్టీన్ ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి కాబట్టి "ఒకటి ఐదు, పదిహేను కదా సార్" అని అంకెలు విడదీసి అడగండి, డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సరైన మందే అయినా ఇచ్చే స్పీడ్ తప్పితే ప్రమాదమే. వాంకోమైసిన్ 1 గ్రామ్ కనీసం గంట సేపు వెళ్ళాలి, తొందరగా ఎక్కిస్తే ఒళ్ళంతా ఎర్రబడి దురద, బీపీ పడిపోవడం ఉంటుంది. ఫెనిటోయిన్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోస్‌లో కలిపితే గడ్డలు కడుతుంది, పెద్దవాళ్ళలో నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. డ్రిప్ అయితే కంటి అందాజాతో పెట్టొద్దు, మిల్లీలను సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మిల్లీకి ఎన్ని చుక్కలో దాంతో) గుణించి నిమిషాలతో భాగించండి, 500 మిల్లీ 4 గంటల్లో వెళ్ళాలంటే 20 డ్రాప్స్ సెట్‌తో నిమిషానికి సుమారు 42 చుక్కలు. రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్న పేషెంట్‌కి ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని ఉన్న టాబ్లెట్స్ పొడి చేసి వేయకండి, రోజంతా మెల్లగా పనిచేయాల్సింది ఒక్కసారే దిగిపోతుంది, డాక్టర్‌కి చెప్పి సిరప్ గానీ వేరే మందు గానీ మార్పించాలి.

మందు ఇచ్చేశాం అయిపోయింది అని వెళ్ళిపోవడం కూడా తప్పే. మార్ఫిన్ లాంటిది ఇచ్చాక ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టండి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగుంది కదా అని వదిలేయొద్దు, ఆక్సిజన్ మీద ఉన్న పేషెంట్‌లో అది చాలాసేపు బాగానే కనపడుతుంది, మత్తు పెరిగి పిలిస్తే పలకడం తగ్గడమే ముందు కనపడే గుర్తు. యాంటీబయాటిక్ మొదటి డోస్‌కి కాసేపు దగ్గరే ఉండాలి. దద్దుర్లతో పాటు ఆయాసమో బీపీ పడిపోవడమో ఉంటే మందు ఆపేసి, సాయం కోసం పిలిచి, పడుకోబెట్టి, పెద్దవాళ్ళకైతే మీ ప్రోటోకాల్ ప్రకారం 1:1000 అడ్రినలిన్ 0.5 మిల్లీ తొడ కండకి, అంతేగానీ ముందు ఎవిల్ (ఎలర్జీ ఇంజెక్షన్) ఇచ్చి చూద్దాం అని ఆగకూడదు. బ్లడ్ ఎక్కించేటప్పుడు కూడా మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండాలి, ఆ లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ వెళ్ళకూడదు, 4 గంటల్లో బ్యాగ్ అయిపోవాలి.

ఇంకో మాట, పేషెంట్ "ఈ మాత్ర నేనెప్పుడూ వేసుకోలేదమ్మా" అంటే అక్కడే ఆగి మళ్ళీ చార్ట్ చూడండి. "డాక్టర్ గారు రాశారు, వేసుకోండి" అని ఒత్తిడి చేయొద్దు, చాలాసార్లు వాళ్ళే కరెక్ట్. మందు లోడ్ చేసేటప్పుడు ఎవరైనా పిలిస్తే "రెండు నిమిషాలు" అని చెప్పి పూర్తి చేసుకోండి, మధ్యలో వదిలి వెళ్ళాల్సి వస్తే తిరిగొచ్చాక మొదటినుంచి మొదలుపెట్టాలి. చార్ట్‌లో సంతకం మందు ఇచ్చాకే, ముందే అన్నిటికీ టిక్కులు పెట్టేస్తే పేషెంట్ స్కానింగ్‌కి వెళ్ళి డోస్ మిస్ అయినా అది ఇచ్చినట్టే ఉండిపోతుంది.

అన్నీ చేసినా తప్పు జరిగితే? ముందు పేషెంట్‌ని చూడండి, ఇంకా వెళ్తూ ఉంటే ఆపండి, వైటల్స్ తీసి వెంటనే డాక్టర్‌కి చెప్పండి, ఎంత త్వరగా చెప్తే విరుగుడు అంత త్వరగా పడుతుంది. కేస్ షీట్‌లో ఏ మందు, ఎంత, ఏ రూట్‌లో, ఎన్నింటికి వెళ్ళింది, ఎవరికి ఎన్నింటికి చెప్పారు, ఏం చేశారు, ఇవి మాత్రమే రాయాలి, పాత రాతని వైట్‌నర్‌తో చెరపొద్దు. ఇన్సిడెంట్ రిపోర్ట్ ఆ డ్యూటీలోనే పెట్టాలి. ఇంచార్జ్ సిస్టర్లకి కూడా చెప్తున్నా, ఆ రిపోర్ట్ తెచ్చిన పిల్ల మీద అరిస్తే రేపటినుంచి ఎవరూ తేరు, దానికి బదులు తారుమారైన ఆ రెండు యాంపుల్స్ ఒకే ట్రేలో పక్కపక్కన ఎందుకున్నాయో చూసి తర్వాతి షిఫ్ట్ వచ్చేలోపు వాటి చోటు మార్చేయండి.