పోస్టుడబ్బా మీద నీ పేరుందా?

మొన్న శనివారం గుణుపురం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. జర్మనీలో మాస్టర్స్‌కని మాగ్డెబర్గ్‌లో దిగి ఆరు వారాలైంది. "అన్నా, బ్యాంకు కార్డు మూడోసారి కూడా వెనక్కి పోయిందట" అన్నాడు. వాళ్ళ నాన్నగారు పొలం తాకట్టు పెట్టి బ్లాక్డ్ అకౌంటులో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేస్తే నెలనెలా కొంత వదిలే ఖాతాలో, వేసిన డబ్బు అలాగే ఉంది. వీడి జేబులో మాత్రం ఇరవై యూరోలున్నాయి. నేనడిగింది ఒక్కటే: "కింద పోస్టుడబ్బా మీద నీ పేరుందేటి?" అటునుంచి చప్పుడు లేదు.

నాకు కోపమొచ్చింది. వాడి మీద సగం, నా మీద సగం. నేను జర్మనీ వచ్చిన ఏడాది సరిగ్గా ఇదే పని చేశాను.

కాబట్టి ఇక్కడికి చదువుకి రాబోయే తమ్ముడూ, చెల్లీ, కుక్కరు తెచ్చుకోవాలా, ఆవకాయ ఎన్ని కిలోలు అన్నవి నన్నడక్కండి. వాటికి మీ అమ్మగారున్నారు. నేను పేరు గురించి చెప్తాను.

పర్లాకిమిడిలో మా ఇంటికి ఉత్తరం రావాలంటే చిరునామా సగం రాసినా సరిపోయేది. ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా, ఇంటిపేరు తప్పు పడినా పోస్టుమ్యాన్ కిరాణా కొట్టు దగ్గర ఆగి "ఫలానా మేష్టారి గుంటడికి" అని అడిగి తెచ్చి ఇచ్చేవాడు. ఇక్కడ అడగరు. చిరునామాలో వీధి, ఇంటి నంబరు, ఊరు ఉంటాయి. ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు. ఒకే గుమ్మం వెనక పది పన్నెండు కాపురాలుంటాయి. కింద వరసగా డబ్బాలుంటాయి, వాటి మీద పేర్లుంటాయి. కవరు మీద పేరు ఏదో ఒక డబ్బా మీద కనబడితే వేస్తారు, లేకపోతే వచ్చిన దారినే పంపేస్తారు.

పోతే పోయింది, ఒక ఉత్తరమే కదా అనుకోకు. ఈ దేశం ఇప్పటికీ పోస్టు మీదే నడుస్తుంది. కార్డు ఒక కవరులో, దాని పిన్ ఇంకో రోజు ఇంకో కవరులో వస్తాయి. పదకొండు అంకెల పన్ను నంబరు, ఆరోగ్య బీమా కార్డు కూడా పోస్టులోనే. పసుపుపచ్చ కవరులో ఏదైనా వస్తే ఇంకా జాగ్రత్త. దాని మీద తేదీ వేసి డబ్బాలో పడేస్తారు. ఆ రోజే నీకు అందినట్టు లెక్క, గడువు అప్పట్నుంచే నడుస్తుంది. నువ్వు విప్పావా లేదా అన్నది వాళ్ళకనవసరం.

నా సంగతి చెప్తాను. అక్టోబరులో ఒకాయన దగ్గర గది అద్దెకి తీసుకున్నాను. డబ్బా మీద ఆయన పేరుంది. మనది కాని ఇంటి మీద మన పేరు అంటించడమేటి అని నాకు మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు అయిదు వారాలు. అనకాపల్లి స్నేహితుడి దగ్గర అప్పు చేసి, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి పఖాళ చేసుకుని తిన్నాను. బయట మంచు, లోపల చల్దన్నం! నివాస అనుమతి కోసం నాకిచ్చిన అపాయింట్‌మెంట్ తేదీ నాకు తెలియకుండానే దాటిపోయింది. వీసా ముగియడానికి తొమ్మిది రోజులుందనగా తెల్లారగట్ల ఆఫీసు ముందు నిలబడి బతిమాలుకున్నాను.

చివరికి చేసిన పనేటంటే, నోటుపుస్తకంలో కాగితం చింపి, పేరు రాసి, టేపు వేసి అంటించాను. రెండు నిమిషాలు పట్టింది. ఇంటాయన చూసి, "ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు?" అన్నాడు.

సరే, ఏ పేరు రాయాలి? అసలు తంటా ఇక్కడే, అదీ మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు పిల్లలకే ఎక్కువ. నా పేరులో వెంకట ఉంది. బళ్ళో చేర్చుకున్న గుమాస్తా ఒడియా ఆయన, ఆయన నోట్లో వకారం బకారమే. పదో తరగతి సర్టిఫికెట్టులో బెంకట అయ్యాను. ఇంటిపేరు అక్కడ పొడి అక్షరం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి విప్పి రాయించాం. అంటే నేను ఇద్దరు మనుషుల్ని. బరంపురం స్టేషన్లో సాగనంపుతూ మావయ్య, "మనూరి వి.వి. గిరిగారు 1913లో డబ్లిన్ వెళ్ళి లా చదివొచ్చి రాష్ట్రపతి అయ్యార్రా" అన్నాడు. మొదటి వి అంటే వరాహగిరి అని మనకెవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడి గుమాస్తాకి మాత్రం పొడి అక్షరం పేరు కాదు.

అందుకని ఇంటి దగ్గరుండగానే అన్ని కాగితాలూ చాప మీద పరిచి, ఒక్కో అక్షరం సరిచూసుకో. 2022 నవంబరు నుంచి మన డిగ్రీలకి ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు అసలువేనని జర్మనీ తరఫున చూసి ఇచ్చేది) తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. ఆ డబ్బు కట్టాక తప్పు చూసుకుని ఏడవకు. ఇంకో మాట. వీసాకి, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్న మీ బావ చెన్నై జర్మన్ కాన్సులేట్ కిందకొస్తాడు. మహేంద్రతనయ నది ఇవతల ఒడిశాలో ఉన్న నువ్వు కోల్‌కతా కిందకొస్తావు. ఆయన అనుభవం విని బయల్దేరకు.

ఇక్కడికొచ్చాక డబ్బా మీద పాస్‌పోర్టులో ఉన్న పేరు, ఉన్నదున్నట్టు రాయి. యూనివర్సిటీ వాళ్ళు వేరేగా రాస్తుంటే దాని కింద అదీ రాయి. రెండు పేర్లుంటే ఎవరూ నవ్వరు. వేరే వాళ్ళ ఇంట్లో ఉంటే వాళ్ళ పేరు కూడా నీ చిరునామాలో చేర్చి అందరికీ ఇవ్వు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. నమోదు కుదరదు అనే ఇల్లు ఎంత చవకైనా వద్దు. చవకని ఒప్పుకున్నవాళ్ళని నలుగురిని చూశాను, నలుగురూ మళ్ళీ ఇల్లు వెతుక్కున్నారు.

పేరు అంటించాక నేను చేసిన రెండో తెలివితక్కువ పని ఉత్తరాలు విప్పకపోవడం. రేడియో ఫీజని ఒకటొస్తుంది. నెలకి 18.36 యూరోలు, నీ దగ్గర రేడియో ఉన్నా లేకపోయినా. మోసమనుకుని మూడు చించేశాను. నాలుగోది బాకీ మొత్తం కలిపి వచ్చింది. ఇంటికొకటే ఫీజు, గదికి కాదు. మీ ఇంట్లో ఎవరైనా కడుతుంటే వాళ్ళ నంబరు రాసి పంపిస్తే చాలు. ఆ సంగతి ఆ ఉత్తరంలోనే ఉంది, నేను చదవలేదు.

ఉద్యోగాల గురించి అడుగుతారు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. మొదటి సెమిస్టరులో దాని జోలికి పోకు.

బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేస్తాం, నెలకి 992 చొప్పున వదులుతారు. ఇదంతా నీకు తెలుసు. కానీ అది వచ్చి పడే ఖాతా కార్డు పోస్టులో వస్తుందని తెలుసా?

ఇంత బెదిరించాను కాబట్టి ఇదీ చెప్పాలి, మనసొప్పకపోయినా. కార్డు మళ్ళీ పంపుతారు. పన్ను నంబరు అడిగితే మళ్ళీ ఇస్తారు. దాటిపోయిన అపాయింట్‌మెంట్‌కి నన్ను విమానమెక్కించలేదు. ఆ ఆఫీసులో ఆవిడ నా కాగితాలు చూసి, నిట్టూర్చి, వేరే తేదీ రాసిచ్చింది. డిగ్రీ అయింది, అప్పు తీరింది, తాకట్టులో ఉన్న మా పొలం కూడా విడిపించాం. కొంచెం ఆలస్యంగా.

గుణుపురం కుర్రాడు నిన్న ఫొటో పంపాడు. చీటీ మీద పేరు రెండు రకాలుగా రాశాడు, అక్షరాలు చక్కగా ఉన్నాయి. టేపు మాత్రం ఒక మూల లేచిపోయింది. మళ్ళీ అంటించమన్నాను.