విష్ణుక్రాంతను పెంచుదాం – 3వ పాఠం: గింజను లేపడం

పోయిన పాఠంలో చెప్పినట్టు పొద్దున్నే పోయి, ఊరి బయట గరుసు నేలలో ఒక విష్ణుక్రాంత చెట్టును గుర్తు పెట్టుకొని వచ్చారనుకుంటాను. మధ్యాహ్నం పోయినవాళ్లకు దొరికి ఉండదు. అప్పటికి పూలు ముడుచుకుపోతాయి. పువ్వు లేకపోతే అది గడ్డిలో కలిసిపోతుంది.

అనుమానం ఉన్నవాళ్లు పువ్వును భూతద్దం కింద చూడండి. చిటికెన వేలి గోరంత లేత నీలం పువ్వు, నడుమ తెలుపు. ఆ తెలుపులోంచి సన్నటి కీలాలు (పువ్వు ఆడ భాగపు కాడలు) రెండు లేస్తాయి, ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలి ఉంటుంది. ఆకు మీద పట్టులాంటి నూగు ఉంటుంది. గెనుసుగడ్డ, తూటికూర కుటుంబమే అయినా ఇది దేనికీ చుట్టుకోదు, నేల మీదే పరుచుకుంటుంది. నర్సరీలో ఇదే పేరు చెప్పి ఇచ్చే పెద్ద నీలిపూల మొక్క చాలాసార్లు బ్రెజిల్ నుంచి వచ్చిన దీని చుట్టమే. మన పాఠం దాని గురించి కాదు.

చెట్టును మాత్రం పెరకొద్దు. దాని వేరు కట్టెలా గట్టిపడి గరుసులోకి దిగి ఉంటుంది. ఎండాకాలం పైన కొమ్మలన్నీ మాడిపోయినా, తొలకరికి ఆ వేరులోంచే చిగురేస్తుంది. వినాయక చవితి 21 పత్రుల్లో ఇదీ ఒకటి. అప్పుడు కొమ్మ తుంచుకుంటే సరిపోయేదానికి, వేళ్లతో సహా పీకి కట్టలు కట్టడం చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. పొద్దున పూట ఆ పూల మీద తిరిగే చిన్న తేనెటీగలకు ఆ బీడులో వేరే పూలు ఎన్ని ఉంటాయి?

ఇక గింజల పని. వానలు తగ్గాక కాడల మీద ఆవగింజ కంటే కొంచెం పెద్ద గుండ్రటి కాయలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. పగిలితే గింజలు రాలిపోతాయి కాబట్టి పగలకముందే కోయాలి. ఒక్కో కాయలో నాలుగు గింజల దాకా ఉంటాయి. ఒక చెట్టు నుంచి నాలుగో వంతుకు మించి తీసుకోకండి.

ఈ గింజ తోలు గట్టిది, నీళ్లను లోపలికి రానివ్వదు. వడ్రంగులు వాడే ఉప్పుకాగితం రెండు ముక్కల మధ్య గింజలు వేసి, మెల్లగా నాలుగైదు సార్లు రుద్దండి. నిగనిగ పోయి మసకబారితే చాలు, పొడి రాలేదాకా రుద్దితే లోపలి మొలక దెబ్బతింటుంది. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని ఆరబెట్టి మళ్లీ రుద్దండి.

కుండీలో సగం ఎర్రమన్ను, సగం ముతక ఇసుక. ఎరువు వద్దు. గింజ మీద గింజ మందాన మన్ను చల్లితే చాలు. మొలిచేదాకా తడి ఆరనివ్వకండి, మొలిచాక మాత్రం పైమన్ను ఆరితేనే నీళ్లు. మొదటిసారి నేను ముద్దుకొద్దీ రెండు పూటలా పోశాను, పది రోజుల్లో నారు మొదలు కుళ్లి వాలిపోయింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేలలో బతకడం నేర్చిన చెట్టు ఇది, రోజూ తడిలో ఉండలేదు.

ఎన్ని గింజలు నానబెట్టారు, ఎన్ని ఉబ్బాయి, ఎన్ని మొలిచాయి రాసి పెట్టుకోండి. నారు ఎండలోకి మార్చే పాఠానికి ఆ లెక్క కావాలి.