అమెరికాలో చౌక సిమ్మా, పెద్ద నెట్‌వర్కా: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు సమస్య - పరిష్కారం

ఆగస్టు సెమిస్టర్‌కి పిల్లలు బయల్దేరే ఇళ్లలో జులై నెలంతా ఒకటే ప్రశ్న. అక్కడ దిగగానే ఏ సిమ్ తీసుకోవాలి? బైరాగిపట్టెడలో అడిగినా, బాలాజీ కాలనీలో అడిగినా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అడిగినా సీనియర్లు చెప్పిన పేర్లే వినిపిస్తాయి. మింట్, విజిబుల్, క్రికెట్, లైకా అనే చౌక సిమ్ సంస్థలు. నెలకి పదిహేను, ఇరవై ఐదు డాలర్ల మాట. ఇంకోపక్క సొంత టవర్లున్న పెద్ద నెట్‌వర్కులు టీ-మొబైల్, వెరైజన్, ఏటీ అండ్ టీ. ఒక్క లైన్ తీసుకుంటే వీటి ధర రెండు మూడింతలు. "టవర్ అదేనంట కదా, ఇంక ఎక్కువెందుకు కట్టాల?" అంటారు.

టవర్ అదే, ఆ మాట నిజం. మింట్ నడిచేది టీ-మొబైల్ టవర్ల మీద, 2024 మే నుంచి అది టీ-మొబైల్ సొంతం కూడా. విజిబుల్ వెరైజన్‌ది. క్రికెట్‌ని 2014లో ఏటీ అండ్ టీ కొనేసింది. యూఎస్ మొబైల్ లాంటి సంస్థలో అయితే మూడు నెట్‌వర్కుల్లో ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు. అయితే టవర్ ఒకటే అయినా, యజమాని ఒకడే అయినా, రెండు సిమ్ములకి అందే సేవ ఒకటి కాదు. ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో ముందే తెలిస్తే చాలామందికి చౌకదే సరిపోతుంది. కొందరికి మాత్రం సరిపోదు. మీరు ఏ కోవలోకి వస్తారో కింది సమస్యల్లో చూసుకోండి.

సమస్య: సిగ్నల్ ఫుల్‌గా ఉంది, వీడియో కాల్ మాత్రం తెగిపోతోంది

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. మా అన్న కూతురు టెక్సస్‌లోని డెంటన్ నుంచి అన్న మాట: "చిన్నాయనా, సిగ్నల్ నాలుగు పాయింట్లూ ఉండాయి, నాయన మొగం మాత్రం కదలకుండా నిలబడిపోతా ఉంది." ఆ పిల్ల దగ్గరుండేది ఒక చౌక సంస్థ సిమ్.

ఇలాంటప్పుడు నేను ముందు అడిగేది ఎన్ని గంటలకి అని. మనవాళ్లు ఉదయం ఏడింటికి కాఫీ తాగి పిల్లలకి ఫోన్ చేస్తారు. అప్పుడు టెక్సస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. చలికాలంలో అక్కడ గడియారం వెనక్కి తిప్పాక ఏడున్నర. అందరూ ఇళ్లకి చేరి ఫోన్లు పట్టుకునే వేళ అది. అంటే టవర్ మీద బరువు బాగా ఉండే గంటలోనే మనం బిడ్డ ముఖం చూడాలనుకుంటున్నాం.

కారణం ఏమంటే, టవర్ ఒకేసారి మోయగలిగే డేటాకి ఒక హద్దు ఉంది. గరుడసేవ రాత్రి మాడ వీధుల్లో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, ఒక్క ఫొటో మాత్రం బయటికి పోదు. పాయింట్లు చెప్పేది టవర్ మనకి ఎంత బాగా వినిపిస్తోందో అంతవరకే, అందులో మనకి మిగిలిన చోటెంతో చెప్పవు. ఆ చోటు నిండినప్పుడు ఎవరి డేటా ముందు పంపాలన్నది నెట్‌వర్కులో ముందే రాసి పెట్టి ఉంటుంది. 4జీలో దీనికి క్యూసీఐ అనే అంకెలున్నాయి, మామూలుగా వాడేవి 1 నుంచి 9 దాకా. 5జీలో ఇదే పనికి 5క్యూఐ అంటారు. మామూలు ఫోన్ కాల్ మాటకి 1. ఇంటర్నెట్ డేటాకి చివరి అంకెలు. ఆ చివరి అంకెల్లోనే మళ్లీ పెద్ద నెట్‌వర్క్ మంచి ప్లాన్ వాడేవాళ్లకి ఒక మెట్టు పైన, చాలా చౌక సంస్థలవాళ్లకి ఒక మెట్టు కింద.

తిరుమలలో మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం క్యూ, సర్వదర్శనం క్యూ ఉన్నట్టే ఇది. చూసేది ఒకే స్వామిని. జనం పలచగా ఉన్న రోజు ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు, వైకుంఠ ఏకాదశి దగ్గరపడితే తెలుస్తుంది.

ఇదేనా అసలు కారణం అని తేల్చుకోవడం సులువు. అదే ఫోన్‌తో, అదే గదిలో, వైఫై ఆపి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయమనండి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే రద్దీలో వెనకపడుతున్నట్టే. రూమ్మేట్ దగ్గర అదే నెట్‌వర్క్ పెద్ద ప్లాన్ ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఇంకో గుర్తు: అక్కడి స్నేహితులకి మామూలు కాల్ చేస్తే శుభ్రంగా వినిపిస్తుంది, వాట్సాప్ కాల్ మాత్రం తెగుతుంది. మామూలు కాల్‌కి 1వ తరగతి, వాట్సాప్ కాల్ నెట్‌వర్క్ లెక్కలో ఉట్టి డేటా.

పరిష్కారం డబ్బు కట్టడంతో మొదలుపెట్టొద్దు. ఇంట్లో వైఫై ఉంటే వీడియో కాల్ దాని మీదే చేయించండి, అప్పుడు సిమ్ ఏదైనా ఒకటే. వైఫై లేకపోతే వేళ మార్చండి. మనకి రాత్రి ఎనిమిదంటే టెక్సస్‌లో పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర, టవర్ల మీద ఒత్తిడి తక్కువ. అదీ కుదరకపోతే చౌక సంస్థలోనే పై ప్లాన్ చూడండి. విజిబుల్ పై ప్లాన్లలో డేటాకి ముందు వరుస ఇస్తారు. లేదంటే ఆ వీధిలో బలంగా ఉన్న మరో నెట్‌వర్క్ మీద నడిచే చౌక సంస్థకి మారొచ్చు.

ఇవన్నీ అయ్యాకే పెద్ద నెట్‌వర్క్. అక్కడా ఒక మెలిక ఉంది. పెద్ద నెట్‌వర్కుల అట్టడుగు ప్లాన్ల షరతుల్లో కూడా రద్దీ సమయంలో మీ డేటా ఇతరులకంటే నెమ్మదించవచ్చన్న వాక్యం ఉంటుంది. వెరైజన్‌లో అన్నిటికంటే తక్కువ ధర అన్‌లిమిటెడ్ ప్లాన్, టీ-మొబైల్‌లో ఎసెన్షియల్స్ ఆ కోవవే. పేరు చూసి రెండింతలు కట్టి, చౌక సంస్థవాళ్ల పక్కనే క్యూలో నిలబడటం నాకు బాధగా అనిపిస్తుంది. ఆ వాక్యం లేని ప్లాన్ తీసుకుంటేనే ఆ డబ్బుకి అర్థం.

సమస్య: రాత్రీ పగలూ ఒకే నత్తనడక

ఇది రద్దీ కాదు. నెలకి ఇచ్చిన డేటా అయిపోయాక వేగాన్ని కట్టేశారు. స్పీడ్ టెస్ట్‌లో ఎప్పుడు చూసినా ఒకే చిన్న అంకె వస్తుంటే అదే. యాప్‌లో ఎంత వాడారో చూసి, అదనపు డేటా కొనండి, లేదా వచ్చే నెల నుంచి పెద్ద ప్యాక్ పెట్టుకోండి. వీడియో ఒక్కటే మసకగా ఉండి మిగతావన్నీ బాగుంటే, చాలా ప్లాన్లలో వీడియోని 480పీ అనే తక్కువ నాణ్యతకి పరిమితం చేస్తారని గుర్తుంచుకోండి. హాట్‌స్పాట్‌కి కూడా విడిగా హద్దు ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని ఫోన్ మీదే నడపాలనుకునే పిల్లలు సిమ్ తీసుకునే ముందే ఆ అంకె చదవాలి.

సమస్య: డేటా వస్తోంది, కాల్ మాత్రం పోవడం లేదు

ఇక్కడ తప్పు సిమ్‌ది కాకపోవచ్చు, మనం ఇక్కడినుంచి కొనిచ్చి పంపిన ఫోన్‌ది. అమెరికాలో మూడు నెట్‌వర్కులూ 3జీని 2022లో ఆపేశాయి. ఇప్పుడు కాల్ మాట్లాడాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిపే పద్ధతి, పనిచేయాలి. ఫోన్లో వోల్టీ ఉండటంతో సరిపోదు, ఆ నెట్‌వర్క్ ఆ మోడల్‌ని ఒప్పుకోవాలి. ఈ విషయంలో ఏటీ అండ్ టీ గట్టిగా ఉంటుంది. తన జాబితాలో ఉన్న మోడళ్లనే అనుమతిస్తుంది. మన దేశం కోసం తయారైన చాలా ఫోన్లు అందులో ఉండవు, జియోలో వోల్టీ చక్కగా పనిచేసిన ఫోనైనా సరే. క్రికెట్ కూడా అదే నెట్‌వర్క్ కాబట్టి అక్కడా ఇదే ఇబ్బంది.

రెండోది బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వరుసలు, ఒక్కోదానికి ఒక నంబరు. మన 4జీ ఎక్కువగా 3, 5, 8, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. అక్కడ గోడలు దాటి ఇంటి లోపలికి, ఊరి బయటికి సిగ్నల్ మోసేవి వేరు. టీ-మొబైల్‌కి 12, 71. వెరైజన్‌కి 13. ఏటీ అండ్ టీకి 12, 14. ఇవి లేని ఫోన్ బయట రోడ్డు మీద బాగుండి, గదిలోకి రాగానే చచ్చుబడుతుంది. అప్పుడు పిల్లలు సిమ్ సంస్థని తిట్టుకుని ఇంకో సిమ్ కొంటారు, ఫలితం మారదు.

గాంధీ రోడ్డులో కొత్త ఫోన్ కొని పంపుదామనుకునే తల్లిదండ్రులు కొనకముందే ఆ మోడల్ నంబరుకి ఉన్న బ్యాండ్ల జాబితా చూడండి. ఒకే పేరుతో దేశానికో మోడల్ ఉంటుంది కాబట్టి పేరు చూస్తే చాలదు. ఫోన్ ఇప్పటికే చేతిలో ఉంటే *#06# కొట్టి ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు సంఖ్య తీసుకుని, తీసుకోదలచిన సంస్థ వెబ్‌సైట్‌లో వేయండి. పనిచేస్తుందో లేదో అక్కడే చెబుతుంది. చెన్నైలో విమానం ఎక్కేముందు చేయాల్సిన పని ఇది. అక్కడికి వెళ్లాక బయటపడితే సెట్టింగ్స్‌లో వోల్టీ, వైఫై కాలింగ్ రెండూ ఆన్ చేసి చూడాలి. అప్పటికీ రాకపోతే ఫోన్ ఒప్పుకునే నెట్‌వర్క్‌కి మారాలి. కాల్ పోని ఫోన్‌తో సర్దుకుపొమ్మని మాత్రం పిల్లలకి చెప్పకండి, ఆపదలో 911కి చేయాల్సింది ఆ ఫోన్ నుంచే.

సమస్య: ఊరు దాటగానే సిగ్నల్ సున్నా

పెద్ద నెట్‌వర్కులు తమ టవర్ లేని పల్లెల్లో పక్క సంస్థల టవర్లు వాడుకునే ఒప్పందాలు చేసుకుంటాయి. చాలా చౌక సంస్థలకి ఆ సదుపాయం ఉండదు, ఉన్నా కొంచెమే. కాబట్టి పెద్ద నెట్‌వర్క్ మ్యాప్ చూసి చౌక సిమ్ కొనకూడదు, ఆ చౌక సంస్థ సొంత మ్యాప్‌లో క్యాంపస్, గది, పని చోటు మూడూ చూడాలి. పల్లె ప్రాంతపు యూనివర్సిటీకి వెళ్లేవాళ్లూ, పని మీద దూరాలు డ్రైవ్ చేసేవాళ్లూ పెద్ద నెట్‌వర్క్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే, కార్డు అక్కర్లేని సిమ్) ఉన్న ఫోన్లకి కొన్ని సంస్థలు కొద్దిరోజుల ఉచిత ట్రయల్ ఇస్తాయి, తప్పకుండా వాడుకోండి. అయితే పెద్ద నెట్‌వర్క్ ట్రయల్‌తో కవరేజీ తెలుస్తుంది గాని, చౌక సంస్థ క్యూలో మీ వంతు ఎక్కడో తెలియదు. దానికి చౌక సంస్థ ట్రయలే చూడాలి, అదీ రాత్రి పూట.

సమస్య: ఇండియా బ్యాంకు ఓటీపీ రావడం లేదు

దీనికి అమెరికా సిమ్‌తో సంబంధం లేదు. మన నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ పెట్టించకుండా పంపేశారు, లేదా రీఛార్జ్ లేక నంబరు నిద్రపోయింది. బయల్దేరే ముందే ఇక్కడ రోమింగ్ ఆన్ చేయించండి. అక్కడ ఫోన్లో ఇండియా సిమ్‌ని రెండో సిమ్‌గా ఉంచి, డేటా రోమింగ్ మాత్రం ఆపేయాలి. వచ్చే ఎస్సెమ్మెస్‌కి మామూలుగా డబ్బు పడదు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, ఖాతాలో 20 రూపాయలకంటే తక్కువ ఉంటే తీసేయొచ్చని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. ఆ రీఛార్జ్ గుర్తుపెట్టుకునే బాధ్యత తిరుపతిలో ఉన్నవాళ్లు తీసుకుంటే మంచిది. చదువు రుణం, డిగ్రీ పత్రాలు, పాన్ అన్నీ ఆ నంబరుకే వేలాడుతున్నాయి.

సమస్య: పెద్ద నెట్‌వర్క్ కావాలన్నా ఇవ్వడం లేదు

పోస్ట్‌పెయిడ్ ఇచ్చేముందు వాళ్లు క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు, బిల్లులు సరిగా కట్టిన రికార్డు, చూస్తారు. కొత్తగా దిగిన విద్యార్థికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరే ఉండదు, ఇంక చరిత్ర ఎక్కడిది? డిపాజిట్ అడగొచ్చు, కాదనొచ్చు. అందుకే మొదటి నెలలకి ప్రీపెయిడ్ చౌక సిమ్మే సరైన దారి. సంవత్సరానికి ఒకేసారి కడితే ధర తగ్గుతుందని మింట్ లాంటివి చెబుతాయి, నిజమే. గది ఇంకా ఖాయం కానివాళ్లు మాత్రం ముందు మూడు నెలల ప్యాకే తీసుకోండి.

తర్వాత నలుగురైదుగురు కలిసి పెద్ద నెట్‌వర్క్ ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే తలకి పడేది బాగా తగ్గి, చౌక సంస్థ ధరకి దగ్గరగా వస్తుంది. బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్ల క్రెడిట్‌కే ముప్పు కాబట్టి, డబ్బు విషయంలో మాట తప్పనివాళ్లతోనే కలవాలి.

సమస్య: నంబరు పోకుండా మారడం ఎలా

మన దగ్గర 1900కి పోర్ట్ మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. అక్కడ పాత సంస్థనుంచి రెండు తీసుకోవాలి: అకౌంట్ నంబరు, నంబరు మార్పిడి పిన్. అకౌంట్ నంబరంటే ఫోన్ నంబరు కాదు, చాలా పోర్టింగులు ఆగిపోయేది ఈ పొరపాటు దగ్గరే. సాధారణ పోర్టింగు ఒక పనిదినంలో కావాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం. పాత సిమ్‌ని ముందుగా రద్దు చేస్తే నంబరు చేజారుతుంది. కొత్త సిమ్‌లో కాల్, ఎస్సెమ్మెస్, అక్కడి బ్యాంకు ఓటీపీ మూడూ వస్తున్నాయని చూసుకున్నాకే పాత సిమ్ పారేయండి.