రాని అంకె బాకీ పడిందా? చెంబుతో తేల్చుకోండి

శబరిమల పోయి కేరళ లాటరీ టికెట్ తెచ్చుకున్నప్పటి నుంచి మా మామ నోట్సు రాస్తాన్నాడు. చివరి అంకెల్లో ఏది ఎన్నిసార్లు వచ్చింది, ఏది రాలేదు అని. "4 వచ్చి ఇరవై రోజులాయ, ఇంక వచ్చి తీరాల" అంటాడు. అనంతపురం టవర్ క్లాక్ కాడ టీ తాగేటప్పుడూ ఇదే గోల. వాదించి లాభం లేదని ఇట్ల చేసినా.

పాత క్యాలెండరు కాగితం పది సమాన ముక్కలు చేసి, 0 నుంచి 9 దాకా రాసి, ఒకే తీరు మడిచి చెంబులో వేయండి. ఒకటి తీయండి, రాసుకోండి, మళ్లీ వేసి బాగా కలపండి. నూరు సార్లు. అర్ధగంట పనే.

మొదటి 50లో ఎక్కువ వచ్చిన అంకెకు సున్నా చుట్టండి. తర్వాతి 50లో అదెన్నిసార్లు వచ్చిందో చూడండి. మాకు 7 మొదట తొమ్మిది సార్లు వచ్చింది, తర్వాత నాలుగే. 3 అయితే ఇరవై రెండు సార్లు వరసగా మొహమే చూపలేదు. చెంబుకు జ్ఞాపకం యాడుంటుంది! ఒక అంకె ఇరవై సార్లు రాకపోవడం నూటికి పన్నెండు సార్లు మామూలుగానే జరుగుతుంది, ఒక్కసారి తీస్తే అది రాకపోయే అవకాశం పదింట తొమ్మిది, అంటే 0.9; ఇరవై 0.9లను ఒకదానితో ఒకటి గుణిస్తే అంతే వస్తుంది.

తీసిన చీటీ మళ్లీ వేయకపోతే లెక్క చెడుతుంది. ఇరవై ముప్పై సార్లతో ఆపితే ఏమీ తెలీదు. డ్రా తీసేవాడే నంబరు మార్చే మట్కా లాంటి వాటికి ఈ చెంబు పనికిరాదు.

మామ నోట్సు ఇంకా రాస్తాన్నాడు, టికెట్ కోసం మనుషుల్ని పంపడం మాత్రం మానేసినాడు.