డౌన్‌పైప్ మార్చాక బూస్ట్ పెరిగిపోతుంటే: రీమ్యాప్‌కి ముందు వేస్ట్‌గేట్ చూడండి

కంపెనీ డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్లే మొదటి గొట్టం) తీసేసి లావుపాటిది వేయించగానే బండి చురుగ్గా లాగుతుంది. టర్బైన్‌కి (టర్బోలో పొగ తోసి తిప్పే చక్రానికి) ముందున్న ఒత్తిడికీ, దాన్ని దాటాక ఉన్న ఒత్తిడికీ మధ్య తేడా పెరగడమే కారణం. పొగకి దారి సులువైన కొద్దీ టర్బైన్ ఎక్కువ తిరుగుతుంది, దాంతోపాటే తిరిగే కంప్రెసర్ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోస్తుంది. ఆ అదనపు గాలి ఒత్తిడే బూస్ట్. ఆ వేగాన్ని పట్టి ఉంచాల్సింది వేస్ట్‌గేట్, అంటే కొంత పొగని టర్బైన్‌కి తగలకుండా పక్కదారి పట్టించే రంధ్రం, దాని మూత (ఫ్లాప్). కంపెనీ వాళ్లు దాని రంధ్రాన్ని తమ ఇరుకు ఎగ్జాస్ట్‌కి సరిపడేంతే పెట్టారు. చిక్కంతా అక్కడే.

క్యాట్ (పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టర్) తర్వాత నుంచి సైలెన్సర్ వరకే మార్చినవాళ్లకి ఈ బెడద తక్కువ, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చాలావరకు తనే సర్దుకుంటుంది. ఇక్కడ చెప్పేది టర్బోకి ఆనుకుని ఉండే డౌన్‌పైప్ మార్చిన పెట్రోల్ బండ్ల గురించి. వేరియబుల్ వేన్ల టర్బో ఉన్న డీజిల్ బండ్లలో సాధారణంగా వేస్ట్‌గేట్ ఉండదు, వాటి లెక్క వేరు. ఇంకోమాట: రోడ్డు మీద తిరిగే బండికి క్యాట్ లేని డౌన్‌పైప్ వేయకండి. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా ఇబ్బందే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దగ్గరా ఇబ్బందే. హై-ఫ్లో క్యాట్ ఉన్నది వేయించుకుంటే శబ్దం, వాసన, బూస్ట్ మూడూ కాస్త అదుపులో ఉంటాయి.

ముందు రోగం ఏమిటో తేల్చుకోవాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బూస్ట్ ఒక్క క్షణం ఎగిరి, వెంటనే దిగి నిలబడితే అది స్పైక్. దాన్ని ట్యూనర్ మ్యాప్‌లోనే (ఈసీయూలోని సెట్టింగుల పట్టికలోనే; దాన్ని తిరగరాయడమే రీమ్యాప్) సరిచేయొచ్చు. బూస్ట్ మొదట సరిగ్గా ఆగి, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ నెమ్మదిగా పాకుతూ పోతే అది క్రీప్. వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకున్నా పొగ మొత్తం దానిగుండా పోలేకపోతోందని అర్థం. క్రీప్‌ని ఏ రీమ్యాపూ నయం చేయలేదు, బూస్ట్ కంట్రోలర్ కొనడం శుద్ధ దండగ.

గేజ్ చదివేటప్పుడు ఊరి ఎత్తు మరవకండి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 0.91 బార్, చెన్నైలో 1.01. ఓబీడీ యాప్ (బండి డయాగ్నస్టిక్ పోర్టు నుంచి అంకెలు చదివే యాప్) చూపే మ్యాప్ సెన్సర్ అంకె శూన్యం నుంచి కొలిచిన ఒత్తిడి. ఈ సెన్సర్ ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలుస్తుంది, ట్యూనర్ రాసే మ్యాప్ వేరు. అందులోంచి బెంగళూరులో 0.91 తీసేస్తేనే అసలు బూస్ట్ వస్తుంది, 1.01 తీసేస్తే 0.1 బార్ తక్కువ ఉన్నట్టు పొరబడతారు. చాలా ఈసీయూలు లక్ష్యంగా పెట్టుకునేది కూడా శూన్యం నుంచి కొలిచిన అంకెనే. మానిఫోల్డ్‌లో 1.71 బార్ కావాలంటే చెన్నైలో టర్బో బయటి గాలిని 1.69 రెట్లు నొక్కితే చాలు, బెంగళూరులో 1.88 రెట్లు నొక్కాలి. అందుకే ఇక్కడి డైనో (బండిని కదలకుండా కట్టి రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం) మీద రాసిన మ్యాప్‌లో వేస్ట్‌గేట్‌ని ఎక్కువసేపు మూసి ఉంచుతారు. అదే బండి పండక్కి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు, తిరుపతి వైపు వెళ్తే అవే అంకెలకి బూస్ట్ ఎక్కువ వచ్చి, పి0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్‌తో ఇంజిన్ లైటు వెలగొచ్చు. ఎత్తుకి తగ్గ దిద్దుబాటు మ్యాప్‌లో ఉంచారో లేదో ట్యూనర్ని సూటిగా అడగండి.

ఇప్పుడు అసలు పరీక్ష. గాలి ఒత్తిడితో పనిచేసే యాక్చుయేటర్ (రాడ్‌తో వేస్ట్‌గేట్‌ని తెరిచే భాగం, లోపల స్ప్రింగ్ ఉంటుంది) ఉంటే, మధ్యలో ఉన్న బూస్ట్ సోలెనాయిడ్‌ని (ఈసీయూ చెప్పినట్టు ఆ గాలిని అదుపు చేసే వాల్వ్‌ని) తప్పించి, కంప్రెసర్ హౌసింగ్ నుంచి నేరుగా యాక్చుయేటర్‌కి ఒకే హోస్ కలపండి. సోలెనాయిడ్ కరెంటు కనెక్టర్ మాత్రం ఊడదీయొద్దు. హోస్‌కి రెండు చివరలా క్లిప్ తప్పనిసరి, అది ఊడితే వేస్ట్‌గేట్ అసలు తెరుచుకోదు. ఇప్పుడు స్ప్రింగ్ ఒక్కటే బూస్ట్‌ని నిర్ణయిస్తుంది. డైనో మీద మూడో గేర్‌లోగానీ నాలుగో గేర్‌లోగానీ 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి లాగ్ (ఆ సమయంలో వచ్చిన అంకెల రికార్డు) తీయండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, నైస్ రోడ్డు మీదో ఈ పరీక్ష చేయొద్దు. స్ప్రింగ్ 0.7 బార్‌దైతే పైదాకా 0.7 దగ్గరే నిలబడాలి. 3,500 దగ్గర 0.7, 4,500 దగ్గర 0.8, 6,000 దగ్గర 0.9 అంటే క్రీప్ ఖాయం. అనుకున్నదానికి 0.2 బార్ దాటగానే కాలు తీసేయండి. ఈసీయూ అడిగినంత బూస్ట్ రాక పి0299 కోడ్ పడొచ్చు, ఈ పరీక్షలో అది సహజమే.

ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ ఉన్న కొత్త బండ్లలో ఈ పద్ధతి కుదరదు. లాగ్‌లో వేస్ట్‌గేట్ పూర్తిగా తెరిచినట్టు చూపిస్తున్నా బూస్ట్ పెరుగుతోందా అన్నది చూడాలి. వాటి రాడ్‌ని చేత్తో తిప్పకండి. తిప్పితే స్కానర్‌తో అడాప్టేషన్ (రాడ్ హద్దులు ఈసీయూకి నేర్పడం) మళ్లీ చేయించాలి.

క్రీప్ అని తేలాక టర్బో విప్పేముందు ఒక్కటి చూడండి, ఎందుకంటే చాలాసార్లు దోషం అక్కడే దొరుకుతుంది. బయట చేయించిన డౌన్‌పైప్‌లో ఫ్లాంజ్ (టర్బోకి బిగించే పట్టీ) లోపలి వెల్డింగ్ గడ్డ గానీ, పైపు గోడ గానీ వేస్ట్‌గేట్ ఫ్లాప్‌కి అడ్డం తగులుతుంది. ఇంజిన్ చల్లారాక గేజ్ ఉన్న చేతిపంపుతో యాక్చుయేటర్‌కి గాలి పెట్టి రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో కొలవండి. డౌన్‌పైప్ విప్పి, అంతే ఒత్తిడితో మళ్లీ కొలవండి. విప్పినప్పుడు 12, బిగించాక 7 వస్తే ఫ్లాప్ తగులుతున్నట్టే. మసి పట్టిన పైపు లోపల ఫ్లాప్ అంచు ఒరుసుకున్నచోట నెలవంకలా ఒక మెరిసే గీత కనిపిస్తుంది. అక్కడ గ్రైండ్ చేయిస్తే పని అయిపోతుంది. పంపు పెట్టినప్పుడే ఒక నిమిషం ఆగి చూడండి, ముల్లు దిగిపోతుంటే లోపలి డయాఫ్రం చిరిగింది, యాక్చుయేటరే మార్చాలి.

రాడ్ ప్రీలోడ్ (ఫ్లాప్‌ని మూసి ఉంచే ముందస్తు బిగువు) సంగతి. ఫ్లాప్‌ని మూసి పట్టుకున్నప్పుడు రాడ్ చివరి కన్నం ఫ్లాప్ మీటకున్న పిన్నుకి సుమారు 2 మి.మీ. ఇవతల ఆగాలి, దాన్ని లాగి తగిలించాలి. ఎం6 మర అయితే ఒక పూర్తి చుట్టుకి 1 మి.మీ. మారుతుంది. రాడ్‌ని పొట్టి చేస్తే బూస్ట్ పెరుగుతుంది. క్రీప్ తగ్గుతుందని రాడ్‌ని వదులు చేసేవాళ్లున్నారు. అది తప్పు. కింది ఆర్‌పీఎంలో ఫ్లాప్ కారి పికప్ పోతుంది, పైన క్రీప్ అలాగే ఉంటుంది.

ఫ్లాప్ స్వేచ్ఛగా తెరుచుకుంటున్నా క్రీప్ పోకపోతే రంధ్రం పెద్దది చేయించాలి. రంధ్రం 22 మి.మీ., ఫ్లాప్ 28 మి.మీ. ఉందనుకోండి. రంధ్రాన్ని 24 మి.మీ. వరకు తీసుకెళ్తే చుట్టూ 2 మి.మీ. సీటు మిగులుతుంది, దారి వైశాల్యం 19 శాతం పెరుగుతుంది. అంతకు మించి తొలిస్తే ఫ్లాప్ సరిగా కూర్చోదు. లోపలివైపు అంచుని కూడా నున్నగా వాలు చేయమనండి, పొగ రంధ్రంలోకి మళ్లడం సులువవుతుంది. టర్బైన్ హౌసింగ్‌ని టర్బో నుంచి విడదీశాకే గ్రైండింగ్ చేయాలి, ఇనుప రజను లోపల మిగిలితే టర్బైన్ రెక్కలు పాడవుతాయి. బెంగళూరు జేసీ రోడ్డులో, చెన్నై పుదుపేటలో విడిభాగాలు దొరుకుతాయి గానీ ఈ పని టర్బోలు రిపేరు చేసే షెడ్డులోనే చేయించండి.

ఇవన్నీ అయ్యాకే సోలెనాయిడ్ హోసులు యథాస్థానంలో కలిపి రీమ్యాప్‌కి వెళ్లండి. లాగ్‌లో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ డ్యూటీ (సోలెనాయిడ్‌కి ఈసీయూ ఇచ్చే ఆదేశం, శాతంలో), లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు), లోపలికి వచ్చే గాలి వేడి, నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండటం) వల్ల వెనక్కి తగ్గిన స్పార్క్ టైమింగ్ ఉండాలి. మ్యాప్ సెన్సర్ హద్దు కూడా కనుక్కోండి. 2.5 బార్ సెన్సర్ ఆ పైన ఎంత వచ్చినా అదే అంకె చూపిస్తుంది, ఈసీయూకి ప్రమాదం తెలియదు. ఏ పెట్రోలుతో ట్యూన్ చేయించారో ఆ ఆక్టేన్‌కి తగ్గకుండా పోయించండి. ఓవర్‌బూస్ట్ కట్‌ని (బూస్ట్ హద్దు దాటితే ఇంజిన్ శక్తిని తగ్గించే రక్షణని) తీసేస్తానంటే ఒప్పుకోకండి, లక్ష్యానికి 0.15 నుంచి 0.2 బార్ పైన పెట్టించండి. చల్లగాలిలో క్రీప్ ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఎండలో తీసిన లాగ్‌తో సరిపెట్టుకోకుండా, డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఇంకోసారి లాగ్ తీసి చూడండి.