ఫార్మల్ షర్టు ఎన్ని ఉతుకులు రావాలి?

షర్టు ఎన్నేళ్లు వస్తుందని అడిగితే ఏళ్లలో జవాబు చెప్పడం కుదరదు. బీరువాలో వేలాడే షర్టు పెద్దగా అరగదు. ఒంటి మీద ఒక రోజు, ఆ తర్వాత ఒక ఉతుకు, ఒక ఇస్త్రీ, ఈ మూడూ కలిస్తే ఒక వాడకం. షర్టు వయసు ఈ లెక్కనే చూడాలి. లాండ్రీ వృత్తిలో చాలాకాలంగా చెప్పుకునే అంచనా 35 నుంచి 50 ఉతుకులు. ఐదు షర్టులు పెట్టుకుని ఒక్కోటి వారానికోసారి వేసేవారికి ఏడాది తిరిగేసరికి ఆ లెక్క నిండిపోతుంది. కాబట్టి ఏడాదికే పోయిందని షర్టును తిట్టుకోనక్కర్లేదు. పది షర్టులుంటే ఒక్కోదానికి ఏడాదికి 26 ఉతుకులే పడతాయి, అవే షర్టులు రెండేళ్లు వస్తాయి. ఇంట్లో ఒడుపుగా ఉతికితే మంచి కాటన్ షర్టు 50 దాటి కూడా హాయిగా నడుస్తుంది. 20 ఉతుకుల్లోపే కాలరు చిరిగిందంటే మాత్రం గుడ్డలోనో, కొలతలోనో, ఉతికే తీరులోనో లోపం ఉన్నట్టే. అదేమిటో తేల్చుకోకుండా ఇంకొకటి కొంటే అదీ అంతే అవుతుంది.

ముందు ఎక్కడ పోతుంది

చాలావరకు కాలరు మడత దగ్గరే. కాలరు లోపల గట్టిదనం కోసం బక్రం ఉంటుంది. దాని మీదుగా మడిచిన చోట పైగుడ్డ పోగులు ఉబ్బెత్తుగా నిలబడతాయి. మెడ చర్మం, గడ్డం మొలకలు, చెమటలోని ఉప్పు, ఆపైన ఉతికేటప్పుడు బ్రష్షు, అన్నీ ఆ గీత మీదే పడతాయి. షర్టు విప్పాక కాలరు మడత తీసి వెలుతురులో చూడండి. మొదటి దశలో గీత పొడవునా సన్నని నూగు లేస్తుంది. రంగు షర్టులో అయితే అక్కడ తెల్లటి చార కనిపిస్తుంది. తర్వాత అడ్డపోగులు తెగి నిలువుపోగులు బయటపడతాయి. ఆఖరున చీలిక. నూగు దశలో కనిపెడితే షర్టును ఇంకా చాలాకాలం నడిపించవచ్చు. చీలిక పడ్డాక చేయగలిగింది తక్కువ.

కాలరు తర్వాత కఫ్ అంచులు. వాచీ ఉన్న చేతి కఫ్ ముందు పోతుంది, ముఖ్యంగా లోహపు గొలుసు వాచీ అయితే. రోజంతా బల్ల మీద చేతులు ఆనించి పనిచేసేవారికి మోచేతుల దగ్గర గుడ్డ పలచబడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మిగతా చేతికన్నా అక్కడ ఎక్కువ వెలుగు వస్తుంది. చంకల్లో గుడ్డ చిరగడం కన్నా ముందు పసుపుబారి అట్టకడుతుంది. భుజం వెనక యోక్ (భుజాల మీదుగా వేసే అడ్డపట్టీ) కుట్టు దగ్గర పోగులు జరిగిపోతుంటే అది అరుగుదల కాదు, షర్టు బిగుతైందని అర్థం.

కొనేటప్పుడు చూడాల్సినవి

కౌంట్ (నూలు సన్నదనాన్ని చెప్పే అంకె) ఎక్కువ ఉంటే ఎక్కువకాలం వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. నిజానికి కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, గుడ్డ మెత్తగా, మెరుపుగా ఉంటుంది, అరుగుదలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. రోజువారీ వాడకానికి 80/2, 100/2 చాలు. చివరి 2 అంకెకు అర్థం రెండు పోగులు కలిపి మెలివేసిన నూలని. అదే కౌంట్‌లో ఒంటిపోగు గుడ్డకన్నా ఇది గట్టిది. 140 పైన ఉన్నవి పండగలకూ శుభకార్యాలకూ ఉంచుకోండి. నేతల్లో ఆక్స్‌ఫర్డ్ మందంగా ఉండి దెబ్బలకు ఓర్చుకుంటుంది. పాప్లిన్ పలచన, చల్లన, కానీ అంచుల్లో త్వరగా అరుగుతుంది.

ముడత పడని షర్టుల విషయంలో ఒక నిజం తెలుసుకుని కొనాలి. కాటన్ పీచు మళ్లీ ముడత పడకుండా రెసిన్ అనే రసాయనంతో బిగిస్తారు. ఆ బిగింపుతో పీచు పెళుసవుతుంది. ఇస్త్రీ శ్రమ తగ్గుతుంది, కాలరు, కఫ్ అంచులు మాత్రం తొందరగా తెగుతాయి. ఇస్త్రీకి అసలు తీరిక లేనివారికి ఆ బేరం సబబే. ఎక్కువకాలం రావాలనుకునేవారికి మామూలు కాటనే మేలు. పాలియెస్టర్ కలిపిన గుడ్డ అరుగుదలలో కాటన్‌ను మించుతుంది కానీ నూనె మరకనూ చెమట వాసననూ వదలదు, పైన చిన్న చిన్న ఉండలు కడుతుంది.

చాలా షర్టుల్లో బక్రాన్ని జిగురుతో, వేడి ప్రెస్ కింద అతికిస్తారు. అతుకు సమంగా పడకపోయినా, గుడ్డ ఒకలా బక్రం ఒకలా కుంచించుకుపోయినా కాలరు మీద బుడగలు లేస్తాయి. ఆవిరి లేకుండా వేడి ఇస్త్రీపెట్టెను 10 నుంచి 15 సెకన్లు అదిమి ఉంచితే కొన్నిసార్లు మళ్లీ అతుక్కుంటుంది, సాధారణంగా మరుసటి ఉతుకులో మళ్లీ లేస్తుంది. కొత్త షర్టుకు మొదటి రెండు మూడు ఉతుకుల్లోనే బుడగలొస్తే అది తయారీ లోపం, వెనక్కి ఇచ్చేయండి.

కొలత కూడా ఆయుష్షును తేలుస్తుంది. కాటన్ మొదటి కొన్ని ఉతుకుల్లో 2 నుంచి 3 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. 40 సెంటీమీటర్ల కాలరులో అది దాదాపు ఒక సెంటీమీటరు. అందుకే కొత్తప్పుడు పై గుండీ పెట్టుకుంటే మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. కాలరు బిగుతైతే మెడ కదిలిన ప్రతిసారీ దానికి రాపిడి తగులుతుంది.

ఉతకడం: ఎక్కువ షర్టులు ఇక్కడే పోతాయి

విప్పిన షర్టును వారం రోజులు బుట్టలో పడేయకండి. చర్మపు నూనె గుడ్డలో పాతబడి పసుపుబారుతుంది, అప్పుడు గట్టిగా రుద్దక తప్పదు. ఒకటి రెండు రోజుల్లో ఉతికేస్తే ఆ రుద్దుడే అవసరం రాదు.

కాలరు మొనలు వంగకుండా లోపల దూర్చిన పుల్లలు ఉంటే ఉతికే ముందు తీసేయండి. గుండీలన్నీ విప్పండి, కఫ్‌లవీ, కాలరు మొనలవీ కూడా. గుండీ పెట్టి ఉంటే తిరిగేటప్పుడు లాగుడంతా కాజా మీద, గుండీ కింది గుడ్డ మీద పడుతుంది.

కాలరును పూర్తిగా తెరిచి బల్ల మీద బల్లపరుపుగా పరచండి. మురికి గీత మీద ఒక చెంచా లిక్విడ్ డిటర్జెంటు వేలితో రాసి 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. జిడ్డును విడగొట్టే పని డిటర్జెంటుది, దానికి సమయం ఇస్తే చాలు. ఇంకా మిగిలితే మెత్తని టూత్‌బ్రష్షుతో గీత పొడవునా తేలిగ్గా రుద్దండి. కాలరు మడిచి ఉంచి మడత మీద బట్టల బ్రష్షు వేయడమంత చేటు ఇంకోటి లేదు. బ్రష్షు బరువంతా అప్పటికే ఉబ్బి ఉన్న పోగుల మీదే పడుతుంది.

తర్వాత షర్టును లోపలి వైపు బయటికి తిప్పి, వల సంచీలో వేసి, 30 నుంచి 40 డిగ్రీల నీళ్లలో ఉతకండి. డ్రమ్ము మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. జీన్సుతోనూ జిప్పులున్న బట్టలతోనూ కలపొద్దు.

చంకల్లో పసుపు మరక ఒక్క చెమటది కాదు. చెమటను ఆపే డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమటతో, చర్మపు నూనెతో కలిసి గుడ్డలో పేరుకుంటాయి. నాలుగు పాళ్ల నీళ్లకు ఒక పాలు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెడితే ఆ పేరుకున్నది సడలుతుంది. బాగా జాడించి, ఆ తర్వాత నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల సోడియం పర్‌కార్బొనేట్, అంటే ఆక్సిజన్ బ్లీచు, కరిగించి కొన్ని గంటలు ఉంచండి. రంగు షర్టయితే ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించండి. క్లోరిన్ బ్లీచు జోలికి వెళ్లొద్దు. అది కాటన్ పీచును బలహీనపరుస్తుంది, రెసిన్ పట్టించిన గుడ్డను, చెమట మరకను ఇంకా పసుపు చేస్తుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. డియోడరెంట్ ఆరాకే షర్టు వేసుకుంటే మరకలు తగ్గుతాయి.

డ్రయర్ జల్లెడలో చేరే నూగంతా మీ బట్టల్లోంచి ఊడిన పీచే. కాబట్టి డ్రయర్ బదులు తడి షర్టును ఒకసారి విదిలించి, కాలరు, కఫ్‌లు, గుండీల పట్టీ చేత్తో సాగదీసి, హ్యాంగరుకు వేయండి. రంగువి నీడలో ఆరాలి.

ఇస్త్రీ

కాస్త తడి ఉండగానే చేయాలి. కాటన్‌కు మూడు చుక్కల గుర్తు, అంటే దాదాపు 200 డిగ్రీలు. పాలియెస్టర్ కలిసినదానికి రెండు చుక్కలు, 150. కాలరును తెరిచి, ముందు అడుగువైపు, తర్వాత పైవైపు, మొనల నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి మొనలకు తోస్తే మొనల దగ్గర ముడత పేరుకుంటుంది. ఇక కాలరును చేత్తో మడవండి, మడత మీద ఇస్త్రీపెట్టె అదమొద్దు. కత్తిలాంటి మడతే తర్వాత చీలికవుతుంది. గంజి విషయమూ అంతే. బిరుసెక్కిన పీచు వంగదు, విరుగుతుంది. కావాలంటే పలచగా, అప్పుడప్పుడు పెట్టండి. గంజి పెట్టిన షర్టును నెలల తరబడి దాచితే పురుగు పడుతుంది, ఉతికి దాచండి.

కాలరు తిప్పించడం

మడత మీద నూగు లేచి, మిగతా షర్టు బాగుంటే కాలరు తిప్పించుకోవచ్చు. కాలరు, బ్యాండ్ (మెడ చుట్టూ నిలబడే పట్టీ) కలిసే కుట్టు మధ్యలో రెండింటి మీదా గుర్తు పెట్టి, ఆ ఒక్క కుట్టు విప్పి, కాలరు బయటకు తీసి, అడుగువైపు పైకి తిప్పి, గుర్తులు కలిపి పాత గీత మీదే కుట్టాలి. టైలరుకు ఇది చిన్న పనే. మొనలకు గుండీలుండే కాలరుకు ఇది అంత బాగా కుదరదు, కాజాల వెనకవైపు బయటికి కనిపిస్తుంది. పుల్లలు దూర్చే సందులు అడుగువైపు ఉంటే అవీ పైకి వస్తాయి, కాబట్టి ముందే చూసుకోండి. కఫ్ అంచు నూగు లేస్తే అంచు కుట్టు విప్పి 3 మిల్లీమీటర్లు లోపలికి మడిచి కుట్టిస్తే సరిపోతుంది.

ఖర్చు పెట్టే ముందు మోచేతి దగ్గర, యోక్ దగ్గర గుడ్డను రెండు చేతులతో పట్టి మెల్లగా లాగండి. పోగులు జరిగినా, పటపటమన్నా గుడ్డ మొత్తం చీకిపోయిందన్నమాట. అలాంటి గుడ్డ కొత్త కుట్టును ఆపలేదు, సూది రంధ్రాల వెంటే చిరుగుతుంది. ఆ షర్టు మీద ఇక డబ్బు పెట్టొద్దు. గుండీలు మాత్రం కోసి దాచుకోండి, మిగతా షర్టులకు పనికొస్తాయి.